ఐదేళ్లు సూపరింటెండెంటుగా పనిచేశాక రివర్షన్: నోటీసు ఇవ్వకుండా కిందికి దించవచ్చా?

ప్రశ్న: పాతఫైలు

పెద్దలందరికీ నమస్కారం. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక రాష్ట్ర ప్రభుత్వ శాఖలో మినిస్టీరియల్ ఉద్యోగిని. 2006లో రాయలసీమలోని ఒక జిల్లాలో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. నా భార్య కోస్తాలో ఉపాధ్యాయురాలు కావడంతో 2010లో అక్కడి జిల్లాకు బదిలీ చేయించుకున్నాను. 2014లో సీనియర్ అసిస్టెంటుగా, 2020 జూలైలో సూపరింటెండెంటుగా పదోన్నతి పొందాను. అకౌంట్స్ టెస్టు సహా పాసు కావలసిన శాఖాపరమైన పరీక్షలన్నీ సకాలంలోనే పాసయ్యాను. ఇన్నేళ్లలో నా మీద ఒక్క చార్జి మెమో లేదు.

గత శుక్రవారం సాయంత్రం ఆఫీసు మూసే వేళకు నా చేతికి ఒక ప్రొసీడింగ్స్ (కార్యాలయ ఉత్తర్వు) ఇచ్చారు. సీనియర్ అసిస్టెంట్ల తుది సీనియారిటీ జాబితాను సవరించినందున, నా సీనియర్ అసిస్టెంటు పదోన్నతి తేదీ 2014 నుంచి 2016కు జరిగిందనీ, ఆ కారణంగా 2020 నాటి ప్యానెల్‌లో (పదోన్నతికి అర్హుల జాబితాలో) నా పేరు ఉండవలసింది కాదనీ, కాబట్టి నన్ను సీనియర్ అసిస్టెంటుగా రివర్ట్ చేస్తున్నామనీ అందులో ఉంది. చివరి పేరాలో, ఈ ఐదేళ్లలో అదనంగా చెల్లించిన జీతభత్యాలను లెక్కగట్టి రాబట్టవలసిందిగా జీతాల బిల్లులు పెట్టే డ్రాయింగ్ అధికారిని ఆదేశించారు. దీనికి ముందు నాకు షోకాజ్ నోటీసు గానీ, నా అభ్యంతరం అడుగుతూ చిన్న మెమో గానీ రాలేదు. నేను ఇంకా కొత్త స్థానంలో చేరలేదు. ప్రస్తుతానికి సెలవు పెట్టాను.

నన్ను వేసింది అదే ఊరిలోని అదే కార్యాలయంలో, అదే సెక్షన్‌లో. నేను ఫైలు పెట్టడం నేర్పిన కుర్రవాడు ఇప్పుడు ఆ సెక్షన్‌కు సూపరింటెండెంటుగా వస్తున్నాడు. నా కుర్చీ మీది తెల్ల టవలును అటెండరు మడతపెట్టి సొరుగులో పెట్టాడని తెలిసినప్పుడు కలిగిన బాధ, ప్రొసీడింగ్స్ చదివినప్పుడు కూడా కలగలేదు. పైగా పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం, బయోడేటాలో తండ్రి హోదా దగ్గర ఏమి రాయాలని ఇంట్లో అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

నా ప్రశ్నలు మూడు. ఏ తప్పూ చేయని ఉద్యోగిని నోటీసు లేకుండా ఇలా దించవచ్చా? పని చేయించుకుని ఇచ్చిన జీతాన్ని వెనక్కి అడగవచ్చా? నేను ఇప్పుడు చేరాలా, చేరకుండా కోర్టుకు వెళ్లాలా?

జవాబు: విశ్రాంత_ఏవో

అయ్యా, ముప్పై నాలుగేళ్లు ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్‌లోనే గడిపి అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగా రిటైరైన వాణ్ణి. ఇటువంటి ప్రొసీడింగ్స్ నా చేతి మీదుగానూ కొన్ని వెళ్లాయి కనుక, రెండు వైపుల నుంచీ చెప్పగలను.

మొదట ఒక విషయం స్పష్టం చేసుకోండి. కిందికి దించడమంటే జనం దృష్టిలో ఒకటే అవమానం కావచ్చు గానీ, సర్వీసు నిబంధనల దృష్టిలో అది ఒకటి కాదు. క్రమశిక్షణ చర్యగా దించడం వేరు, దాన్ని 1991 నాటి సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నిబంధనల్లో 9వ నిబంధన పెద్ద శిక్షల్లో చేర్చింది, 20వ నిబంధన ప్రకారం విచారణ జరపకుండా ఆ శిక్ష వేయడానికి వీల్లేదు. తాత్కాలికంగా పైపోస్టులో కూర్చోబెట్టినవాణ్ణి ఖాళీ లేకనో, అసలు హక్కుదారు వచ్చాడనో వెనక్కి పంపడం వేరు. మూడవది మీ వంటిది, సీనియారిటీ లెక్క తప్పని తేలి, ఆ లెక్క మీద కట్టిన పదోన్నతి కూలిపోవడం. మీ ప్రొసీడింగ్స్‌లో మీ నడవడికను గురించి ఒక్క మాట కూడా లేదంటున్నారు కాబట్టి అది శిక్ష కాదు. బయోడేటా సంగతికి వస్తే, రేపు ఎవరైనా మీ సర్వీసు రిజిస్టరు తిరగేసినా శిక్షల పేజీ ఖాళీగానే ఉంటుంది.

ఇక మీరు చేయవలసింది, సెలవును పొడిగించుకుంటూ పోకుండా వెంటనే వెళ్లి చేరడం. చేరికను తెలిపే ఉత్తరంలోనే "నా అభ్యంతరాలకు, న్యాయపరమైన హక్కులకు భంగం కలగకుండా, నిరసనతో చేరుతున్నాను" అని ఒక వాక్యం రాసి, తపాలా సెక్షన్‌లో ముద్ర వేయించుకున్న నకలు దాచుకోండి. చేరకుండా కూర్చున్నవాడి మీద అనధికార గైర్హాజరు అనే కొత్త కేసు పుడుతుంది, అప్పుడు మాత్రం అది నిజంగానే క్రమశిక్షణ వ్యవహారం అవుతుంది. చేతిలో మచ్చలేని సర్వీసు ఉన్నవాడు కోపంతో దాన్ని పాడుచేసుకోవడం నేను రెండుసార్లు చూశాను.

తరువాత కాగితాలు సేకరించండి. 2014 నాటి జూనియర్ అసిస్టెంట్ల సీనియారిటీ జాబితా, దానికి ముందు అభ్యంతరాలు కోరుతూ పంపిన తాత్కాలిక జాబితా, 2020 ప్యానెల్ ఆమోదించిన కమిటీ మినిట్స్, ఇప్పుడు జాబితాను సవరించడానికి మూలమైన ఫిర్యాదు లేదా కోర్టు ఉత్తర్వు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి.

చివరగా ఒక సూటి ప్రశ్న. మీరు 2010లో జిల్లా మారినది సొంత కోరిక మీద కదా. అలా వచ్చేవారు కొత్త యూనిట్‌లో అప్పటికే ఉన్న అందరికంటే కింద, చివరి స్థానంలో చేరాలి. పాత జిల్లాలో చేసిన సర్వీసు పింఛనుకూ ఇంక్రిమెంట్లకూ లెక్కకు వస్తుంది గానీ సీనియారిటీకి రాదు. 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం లోకల్ కేడర్లు (జిల్లా, జోను వారీ ఉద్యోగ వర్గాలు) ఏర్పడ్డాక ఈ విషయంలో శాఖలు చాలా పట్టుదలగా ఉంటూ వచ్చాయి. బదిలీకి ముందు ఆ మేరకు అంగీకారపత్రం కూడా రాయించుకుంటారు. మీరు రాసి ఇచ్చారా? దీనికి జవాబు తెలియకుండా మీకు సరైన సలహా ఎవరూ చెప్పలేరు.

జవాబు: వకాలతు

ఏవోగారు చెప్పిన వర్గీకరణ సరైనదే. అయితే చేరే విషయంలో నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది, అది తరువాత చెబుతాను.

రాజ్యాంగంలోని 311(2) అధికరణం డిస్మిస్ చేయడం, సర్వీసు నుంచి తొలగించడం, ర్యాంకు తగ్గించడం అనే మూడింటికీ ముందు విచారణ, వాదన వినిపించుకునే అవకాశం ఉండాలంటుంది. ఉద్యోగులు సాధారణంగా ఈ మాట పట్టుకునే కోర్టుకు వస్తారు. కానీ ప్రతి రివర్షనూ ఆ అధికరణం చెప్పే ర్యాంకు తగ్గింపు కాదని పురుషోత్తమ్ లాల్ ధింగ్రా కేసులో సుప్రీంకోర్టు 1957లోనే తేల్చింది. ధింగ్రా రైల్వేలో మూడవ తరగతి చీఫ్ కంట్రోలరు. రెండవ తరగతి పోస్టులో ఆఫీషియేటింగ్‌గా, అంటే తాత్కాలికంగా, పనిచేస్తుండగా వెనక్కి పంపారు. ఆయన మీద అధికారులు ప్రతికూల వ్యాఖ్యలు రాసిన మాట నిజమే అయినా, ఆ పైపోస్టు మీద ఆయనకు హక్కు ఏర్పడలేదు కాబట్టి, సొంత పోస్టులోని జీతం గానీ సీనియారిటీ గానీ భవిష్యత్తు పదోన్నతి అవకాశం గానీ ఆయన కోల్పోలేదు కాబట్టి అది శిక్ష కాదన్నారు. ఆయన ఓడిపోయారు. కానీ ఆ తీర్పులో చెప్పిన రెండు పరీక్షలు ఈనాటికీ ప్రతి రివర్షన్ కేసులోనూ వాడుతున్నారు: ఆ పోస్టు మీద ఉద్యోగికి హక్కు ఉందా, దించడం వల్ల అతని మీద శిక్ష వంటి దుష్ఫలితాలు పడ్డాయా అన్నవి. మన 9వ నిబంధనకు ఉన్న వివరణ కూడా, ఆఫీషియేటింగ్‌గా ఉన్నవారిని నడవడికతో సంబంధం లేని పరిపాలనా కారణాలతో వెనక్కి పంపడం శిక్ష కాదనే చెబుతుంది.

కాబట్టి 311 మీద ఆశ పెట్టుకోకండి. మీ బలం సహజ న్యాయసూత్రాలలో ఉంది. భగవాన్ శుక్లా కేసులో, పొరపాటున ఎక్కువగా స్థిరీకరించిన జీతాన్ని చాలా ఏళ్ల తరువాత తగ్గించినప్పుడు, ఉద్యోగికి ముందుగా అవకాశం ఇవ్వకపోవడం చెల్లదని సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. పొరపాటు దిద్దే అధికారం ప్రభుత్వానికి ఉన్నా, ఆ దిద్దుబాటు వల్ల నష్టపోయేవాణ్ణి ముందు వినాలి. మీ ప్రొసీడింగ్స్‌లో "నోటీసు ఇచ్చి, వివరణ పరిశీలించి" అన్న వాక్యం లేకపోతే అదే దానిలోని పెద్ద లోపం. అయితే ఈ వాదనలో గెలిచినా, కోర్టు సాధారణంగా ఉత్తర్వును కొట్టివేసి, నోటీసు ఇచ్చి మళ్లీ నిర్ణయించుకోమంటుంది. మీకు దొరికేది కొన్ని నెలల గడువు, ఒక విచారణ. అసలు సీనియారిటీ లెక్క మీ వైపు లేకపోతే, రెండవ ఉత్తర్వు మొదటిదానికంటే పకడ్బందీగా వస్తుంది.

ఏళ్ల తరబడి స్థిరపడిన సీనియారిటీని తిరగదోడకూడదన్న వాదన కూడా ఉంది. కె.ఆర్. ముద్గల్ కేసులో 1986లో సుప్రీంకోర్టు, చాలా ఆలస్యంగా వచ్చిన సీనియారిటీ వివాదాన్ని వినకూడదంది. కానీ అవతలివారు మొదటి నుంచీ వినతిపత్రాలు ఇస్తూ ఉంటే, శాఖ వాటిని బీరువాలో పెట్టి ఉంటే, ఆలస్యం వారిది కాదు.

రికవరీ విషయంలో మీరు ధైర్యంగా ఉండవచ్చు. పంజాబ్ రాష్ట్రం, రఫీక్ మసీహ్ కేసులో 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎప్పుడెప్పుడు రికవరీ చేయకూడదో ఐదు సందర్భాలు చెప్పింది. మూడవ, నాల్గవ తరగతి ఉద్యోగుల నుంచి చేయకూడదు. రిటైరైనవారి నుంచి, ఏడాదిలోపు రిటైరు కాబోయేవారి నుంచి చేయకూడదు. రికవరీ ఉత్తర్వుకు ముందు ఐదేళ్లకు మించి చెల్లించినది రాబట్టకూడదు. మీకు సూటిగా వర్తించేది నాలుగవది: ఉద్యోగి చేత పైపోస్టు బాధ్యతలు పొరపాటున చేయించి, ఆ మేరకు జీతం ఇచ్చి ఉంటే, అతడు కింది పోస్టులోనే పనిచేయవలసినవాడని తరువాత తేలినా, ఆ డబ్బు వెనక్కి తీసుకోకూడదు. ఐదవది, రికవరీ వల్ల ఉద్యోగి మీద పడే భారం యాజమాన్యానికి ఉన్న హక్కును మించిపోయే సందర్భం. మీరు సూపరింటెండెంటుగా ఫైళ్ల మీద సంతకాలు చేశారు, సెక్షన్ నడిపారు. ఆ జీతం మీ కష్టార్జితం.

ఇక్కడ ఒక గోతి ఉంది. 2016లో జగదేవ్ సింగ్ కేసులో, ఎక్కువ చెల్లింపు ఉంటే తిరిగి కడతానని ముందే హామీపత్రం రాసిచ్చినవారి నుంచి రాబట్టవచ్చని అదే కోర్టు చెప్పింది. అక్కడ ఉద్యోగి న్యాయాధికారి, మీ స్థాయి వేరు. అయినా పీఆర్సీ (వేతన సవరణ) స్థిరీకరణ వేళ మీరు సంతకం చేసిన కాగితాల్లో అటువంటి హామీ ఉందేమో చూసుకోండి. జీతాల గుమాస్తా ముందు పెట్టిన కాగితాలన్నిటి మీదా చదవకుండా సంతకం చేయడం మన ఉద్యోగులందరికీ ఉన్న అలవాటే.

ఇక చేరడం. ఉత్తర్వు అమలైపోయిన తరువాత స్టే అడిగితే, ఇప్పటికే చేరిపోయారు కదా, ఇక ఆపడానికి ఏముంది అని ప్రభుత్వ న్యాయవాది అంటారు. కాబట్టి కోర్టుకు వెళ్లాలని నిశ్చయించుకుంటే చేరకముందే వెళ్లడం మేలు. రాష్ట్ర పరిపాలనా ట్రైబ్యునల్ రద్దయింది కనుక ఇప్పుడు నేరుగా అమరావతిలోని హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్ వేయాలి. మీ స్థానంలోకి వచ్చినవారిని, జాబితాలో మీ పైకి వెళ్లినవారిని ప్రతివాదులుగా చేర్చకపోతే ఆ ఒక్క లోపం మీదే పిటిషన్ వీగిపోవచ్చు. వారు ఈపాటికే కేవియట్ (తమను వినకుండా ఉత్తర్వు ఇవ్వవద్దన్న ముందస్తు అర్జీ) వేసి ఉంటారు కాబట్టి, వారికి తెలియకుండా మధ్యంతర ఉత్తర్వు వస్తుందని అనుకోకండి.

జవాబు: జాబితాలో_కింద

నేను మీ జిల్లావాణ్ణి కాదు, మీ శాఖ కూడా కాదు. కానీ ఈ చర్చలో ఇంతవరకూ కనిపించని మనిషి ఒకడు ఉన్నాడు, ఆ మనిషి తరఫున రాస్తున్నాను. మీరు 2020లో కూర్చున్న కుర్చీలో కూర్చోవలసి ఉండి, కూర్చోలేకపోయినవాడు.

మా కార్యాలయంలోనూ ఇలాగే జరిగింది. వేరే జిల్లా నుంచి సొంత కోరిక మీద వచ్చిన ఒకాయనకు పాత సర్వీసు కలిపి జాబితాలో నాకంటే తొమ్మిది స్థానాలు పైన పెట్టారు. తాత్కాలిక జాబితా వచ్చినప్పుడు గడువులోపే అభ్యంతరం రాసి ఇచ్చాను. దానికి జవాబు లేకుండానే తుది జాబితా వచ్చింది. మళ్లీ రాశాను. ఆయనకు పదోన్నతి వచ్చిన రోజున ఆయన పంచిన స్వీటు తీసుకుని, బాగుందని కూడా అన్నాను. ఆ తరువాత ఏడేళ్లు ఆయన కింద పనిచేశాను. ఆయన మంచివారు, నా సెలవు చీటీ ఏనాడూ ఆపలేదు. తప్పు ఆయనది కాదని నాకు తెలుసు, ఎస్టాబ్లిష్‌మెంటు సీటులో ఉన్నవారు ఒక్క నిబంధన చూడకుండా జాబితా తయారుచేశారు, అంతే. కానీ నష్టం మాత్రం నాది.

చివరకు కోర్టు ఉత్తర్వుతో నాకు పదోన్నతి వెనుకటి తేదీ నుంచి ఇచ్చారు, కానీ నోషనల్‌గా. అంటే ఆ ఏడేళ్లకు పైపోస్టు జీతం రూపాయి కూడా రాలేదు, పని చేయలేదు కాబట్టి జీతం లేదన్నారు. ఆయన దగ్గర నుంచి రికవరీ చేయకూడదని మీ వకీలుగారు చెప్పిన న్యాయం ఆయనకూ వర్తించింది, అందుకు నాకు అభ్యంతరం లేదు. కానీ లెక్క చూడండి: పొరపాటు వల్ల లాభపడినవారు ఆ లాభాన్ని ఉంచుకుంటారు, నష్టపోయినవారికి ఆ నష్టం తీరదు, పొరపాటు చేసినవారు ఈలోగా పింఛను తీసుకుంటూ ఉంటారు.

ఆయన రివర్షన్ మీద వచ్చి నా సెక్షన్‌లోనే చేరారు. మొదటి నెల మేమిద్దరం ఒకరినొకరం ఏమని పిలవాలో తెలియక, ఫైలు మీద చీటీ రాసి పంపుకునేవాళ్లం. ఒకరోజు నేనే ఆయన టేబులు దగ్గరకు వెళ్లి, "సార్, ఈ నోటు ఒకసారి చూసి పెట్టండి" అన్నాను. ఆ పిలుపు అలాగే ఉండిపోయింది. మీరు నేర్పిన కుర్రవాడు వస్తున్నాడని రాశారు. అతడు కూడా ఆ ఉత్తర్వు అందుకున్న రాత్రి నుంచి మీ ముఖం ఎలా చూడాలని ఆలోచిస్తూ ఉండవచ్చు.

జవాబు: రెండేళ్ల_కోత

నేను కేంద్ర ప్రభుత్వ ఉద్యోగిని. నాది మీలాంటిది కాదు, అసలైన శిక్ష. నా సంరక్షణలో ఉన్న సరుకు లెక్క తేలలేదు, నిర్లక్ష్యం రుజువైంది, రెండేళ్లపాటు కింది గ్రేడుకు దించారు. తప్పు నాదే కాబట్టి సంస్థ పేరు ఎందుకులెండి.

శిక్షగా దించినప్పుడు ఉత్తర్వులో చూడవలసినది కాలపరిమితి, ఆ కాలం ముగిశాక పాత స్థానంలోకి తిరిగి వచ్చేటప్పుడు పాత సీనియారిటీ వస్తుందా రాదా అన్న వాక్యం, ఇంక్రిమెంట్ల సంగతి. నా ఉత్తర్వులో సీనియారిటీ గురించి ఏమీ రాయలేదు. ఆ ఒక్క వాక్యం కోసం అప్పీలు చేసి సాధించుకున్నాను. విచారణ నివేదిక నకలు ఇవ్వకుండా శిక్ష వేయకూడదన్నది హైదరాబాదులోని ఈసీఐఎల్ ఉద్యోగి కరుణాకర్ కేసులో 1993లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసిన సూత్రం. నాకు ఆ నకలు ఇచ్చారు, అందులో నా తప్పు నాకే స్పష్టంగా కనిపించింది.

మరొక విషయం చాలామందికి తెలియదు. శిక్ష అయినా సరే, నేరుగా ఒక పోస్టులో నియమితుడైనవాణ్ణి అంతకంటే కింది పోస్టుకు, అతడు ఏనాడూ పనిచేయని పోస్టుకు దించకూడదని న్యాదర్ సింగ్ కేసులో 1988లో చెప్పారు. దించడమంటే ఎక్కి వచ్చిన మెట్టుకు తిరిగి పంపడం, ఎన్నడూ తొక్కని మెట్టుకు తోయడం కాదు. పాతఫైలుగారికి ఇది అవసరం లేదు గానీ, ఈ చర్చ చదివే మరొకరికి ఉపయోగపడవచ్చు.

రెండేళ్లు గడిచాయా అంటే గడిచాయి. క్వార్టరు మాత్రం మారవలసి వస్తుందేమోనని భయపడ్డాం, మారనక్కరలేదన్నారు.

జవాబు: ఏజెన్సీ_టీచరమ్మ

నేను పదోన్నతిని నా అంతట నేనే వదులుకున్నాను. స్కూల్ అసిస్టెంటు పదోన్నతి మీద వచ్చిన బడి మా ఊరికి బస్సు లేని దూరంలో ఉంది, ఇంట్లో మంచం పట్టిన అత్తగారు ఉన్నారు. రాష్ట్ర సబార్డినేట్ సర్వీసు నిబంధనల్లో 28వ నిబంధన హక్కును రాతపూర్వకంగా వదులుకునే వీలు కల్పిస్తుంది. ఇప్పటికీ నాకంటే తక్కువ అనుభవం ఉన్నవారు నా పైన ఉన్నారు. పిల్లలకు మాత్రం ఎవరి స్కేలు ఎంతో తెలియదు. సార్, మీ అమ్మాయి బయోడేటాలో "రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి" అని రాయండి. అది నిన్నా నిజమే, నేడూ నిజమే.

ప్రశ్న అడిగినవారి జవాబు: పాతఫైలు

అందరికీ కృతజ్ఞతలు. ఏవోగారు అడిగిన సూటి ప్రశ్నకు మొదటి రోజునే జవాబు చెప్పగలిగి ఉండేవాణ్ణేమో. నా ప్రశ్నలో "బదిలీ చేయించుకున్నాను" అని రాసి, ఏ షరతు మీద అన్నది రాయలేదు. మరచిపోయానని నాకు నేను చెప్పుకున్నాను.

ఇనుప పెట్టె వెతికాను. 2010 నాటి బదిలీ దరఖాస్తు కార్బన్ కాపీ దొరికింది. నా చేతిరాతతోనే, "కొత్త యూనిట్‌లో చివరి ర్యాంకు తీసుకోవడానికి అంగీకరిస్తున్నాను, పాత సీనియారిటీని భవిష్యత్తులో కోరను" అని ఉంది. అప్పుడు నా పెద్ద కూతురు చిన్నపిల్ల. భార్య అక్కడ, నేను ఇక్కడ, వారాంతపు రైలు ప్రయాణాలు. ఆ రోజున ఆ వాక్యం బదులు ఇంకేమి రాయమన్నా రాసేవాణ్ణి. 2014లో జాబితా వచ్చినప్పుడు నా పేరు పైన ఉండటం చూశాను. ఆశ్చర్యపడ్డాను కూడా. కానీ పై అధికారులు చూసే వేసి ఉంటారని ఊరుకున్నాను. "జాబితాలో కింద" గారి జవాబు చదివిన రాత్రి, ఆ 2014 జాబితా తీసి, నా పేరు కింద ఉన్న ఆరుగురి పేర్లు ఒక్కొక్కటిగా చదివాను. వారిలో ఒకాయన మూడేళ్ల క్రితం సీనియర్ అసిస్టెంటుగానే రిటైరయ్యారు. ఆయన వీడ్కోలు సభలో సూపరింటెండెంటు హోదాలో మాట్లాడింది నేనే.

కాబట్టి వకాలతుగారూ, సీనియారిటీ మీద కోర్టుకు వెళ్లడం లేదు. సోమవారం వెళ్లి చేరాను, నిరసన వాక్యం రాసే చేరాను, రికవరీ పేరా ఉంది కాబట్టి. పీఆర్సీ కాగితాల్లో ఒక హామీపత్రం ఉన్న మాట నిజమే, కానీ అది ఆ వేతన స్థిరీకరణలో జరిగే పొరపాట్లకే పరిమితమైనట్లు కనిపిస్తోంది. రికవరీని ఒక్కదానినే ఎదిరించవచ్చా? అలా చేస్తే మిగిలినది ఒప్పుకున్నట్టవుతుందా? మరొకటి, నన్ను దించకుండా సూపర్‌న్యూమరరీ (మంజూరైన సంఖ్యకు మించిన అదనపు) పోస్టు ఒకటి సృష్టించమని ప్రభుత్వాన్ని కోరవచ్చని మా సంఘం నాయకులు అంటున్నారు. అది అడగాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

జవాబు: వకాలతు

రికవరీని విడిగా ఎదిరించవచ్చు. ముందు ఆ పేరా వరకే రద్దు చేయమని నియామకాధికారికి వినతిపత్రం ఇవ్వండి, అందులో రఫీక్ మసీహ్ తీర్పులోని నాలుగవ సందర్భాన్ని పేర్కొనండి, 2022లో కేరళ ఉపాధ్యాయుడు థామస్ డానియల్ విషయంలో సుప్రీంకోర్టు రికవరీని కొట్టివేసిన తీర్పును కూడా చేర్చండి. అక్కడ కూడా ఉద్యోగి వైపు మోసం గానీ అబద్ధపు సమాచారం గానీ లేదన్నదే ముఖ్యాంశం. మీ విషయంలో అవతలివారు ఆ 2010 అంగీకారపత్రాన్ని చూపి, తెలిసీ ఊరుకున్నారని అనవచ్చు. ఆ పత్రం మీరు దాచినది కాదు, మీ వ్యక్తిగత ఫైలులో శాఖ దగ్గరే ఉన్నది కాబట్టి, జాబితా తయారుచేసినవారు దాన్ని చూడకపోవడం మీ మోసం కాదు. ఈ సంగతి వినతిపత్రంలో మీరే ముందుగా చెప్పండి, దాచిపెట్టి తరువాత దొరికిపోవడం కంటే అది నయం. మొదటి కోత పడే నెల వరకూ ఆగకుండా, వినతిపత్రానికి జవాబు రాకపోతే రిట్ వేద్దాం.

జవాబు: విశ్రాంత_ఏవో

అయ్యా, చేరినందుకు సంతోషం. సూపర్‌న్యూమరరీ పోస్టుకు ఆర్థిక శాఖ అనుమతి కావాలి. ఒక్క మనిషి కోసం ఆ ఫైలు సచివాలయంలో ఎన్ని బల్లలు తిరుగుతుందో నాకు తెలుసు. అడగడంలో తప్పులేదు గానీ దాని మీద ఆశ పెట్టుకుని సంఘం చందాలు పెంచుకోకండి. దానికి బదులు మరొకటి చూడండి. మీ సీనియర్ అసిస్టెంటు పదోన్నతి తేదీ ఇప్పుడు 2016 అయింది కదా. ఆ తేదీ ప్రకారం మీ సరైన వంతు ఏ ప్యానెల్ సంవత్సరంలో వస్తుందో లెక్కకట్టించండి. మన ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1 నుంచి ఆగస్టు 31 వరకు. 2020లో మీ పేరు ఉండకూడదని రాశారే తప్ప, ఆ తరువాతి ప్యానెల్స్‌లో మీ పేరు పరిశీలించారో లేదో ఆ ప్రొసీడింగ్స్‌లో లేదు. సవరించిన జాబితా ప్రకారం మీ ముందున్న ఆరుగురికీ పదోన్నతులు వచ్చిన తరువాతి ఖాళీ మీదే అవుతుంది. ఆ ఖాళీ 2022లోనో 2023లోనో ఏర్పడి ఉంటే, మీరు అప్పటి నుంచి సక్రమంగానే సూపరింటెండెంటు కావలసినవారు, అలాంటప్పుడు ఈ రివర్షన్‌లో సగం భాగం దానంతట అదే నిలవదు.

ఇది తరచుగా మరచిపోయే లెక్క. దించే తొందరలో సెక్షన్‌వాళ్లు పాత తప్పును మాత్రమే చూస్తారు, మధ్యలో గడిచిన ఏళ్లను చూడరు. 2020 నుంచి ఇప్పటివరకు ప్రతి ప్యానెల్ సంవత్సరానికీ మీ జిల్లాలో ఏర్పడిన సూపరింటెండెంటు ఖాళీలు, రిటైర్మెంట్ల తేదీలతో సహా, ఒక పట్టికగా రాసి వినతిపత్రానికి జతచేయండి. రోస్టరు పాయింట్లు (రిజర్వేషన్ల వరుస క్రమం) మరవకండి. పట్టిక పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి, పేర్లు తీసేసి పెట్టండి, నేను చూస్తాను.

జవాబు: పాతఫైలు

ఆ లెక్క నాకు తట్టనేలేదు సార్. 2021 ఆగస్టులో ఇద్దరు, 2022లో ఒకరు రిటైరైనట్లు గుర్తు. మిగిలినవి రిజిస్టరు చూడాలి. ఆ రిజిస్టరు ఇప్పుడు కొత్త సూపరింటెండెంటు దగ్గర ఉంది. మధ్యాహ్నం అడిగాను. "మీరే తీసుకోండి సార్, బీరువా తాళం ఎక్కడుంటుందో మీకు తెలుసు కదా" అన్నాడు.